నావంటి పిల్ల: ఒక లఘుచిత్రమున సాదృశ్యవిచారము

కిరీ డేవిస్ అను నల్లజాతి బాలిక 2005వ సంవత్సరమున, ఉన్నతపాఠశాలలో చదువుకొనుచున్న కాలముననే, ఒక లఘుచిత్రమును తీసెను. దాని పేరు 'ఎ గర్ల్ లైక్ మీ'. 'నావంటి పిల్ల' అని తెనిగింపవచ్చును. నిడివి ఇంచుమించు ఏడు నిమిషములు. న్యూయార్కు నగరమున బ్రుక్లిన్ భాగమునందు 'రీల్ వర్క్స్' అను సంస్థ యొకటి కలదు. కౌమారవయస్కుల చేతికి కెమెరా నొసగి, ఒక్కొక్కరికి చలనచిత్రవృత్తిలో నున్న పెద్ద నొకరిని తోడుగా నిలిపి, వారి కథలను వారిచేతనే చెప్పించుట దాని పని. ఆ సంస్థ యాశ్రయమున వెలువడిన ఈ చిన్న చిత్రము కొలదికాలములోనే అంతర్జాలము ద్వారా దేశదేశములకు వ్యాపించెను. జాతి, జాతివివక్ష అను విషయములను యువజనులు తాము తీసిన వీడియోలతో తరచి చూచిన యత్నములలో ఇంతగా పేరుపడినవి కొద్ది.

ఈ చిత్రమును గూర్చి వ్రాయువారును, తరగతులలో ప్రస్తావించువారును సాధారణముగా ఒక సంఖ్యతో మొదలిడి ఆ సంఖ్యతోనే ముగింతురు. 21 మంది నల్లజాతి పసిపిల్లలలో 15 మంది నల్లబొమ్మకంటె తెల్లబొమ్మనే మేలుగా నెంచిరి అనునదే ఆ సంఖ్య. చిత్రమును చూడనివారు సయితము దీనిని వల్లించుట మేమెఱుగుదుము. మా అభిప్రాయము వేఱు. సంఖ్యను జూపు నివేదికగా గ్రహించినచో ఈ చిత్రము బలహీనమైనది. కృతిగా గ్రహించినచో బలమైనది. లోకము దీనిని బలహీనమైన వైపునుండియే మెచ్చుకొనినది.

ఈ భేదమును పట్టి చూపుట ఏల యను ప్రశ్న రావచ్చును. చిన్నవయసువారు చేసిన వస్తువు మన యెదుటికి వచ్చినపుడు మనము రెండు త్రోవలలో ఒక దానిని పట్టుదుము. దానిని సమాజశాస్త్రజ్ఞులకు పనికివచ్చు ముడిసరకుగా చూచుట యొకటి. 'పిల్లలు, పాపము, బాగుగనే చేసినారు' అని వీపు తట్టుట మఱియొకటి. రెండింటను విమర్శకుడు తన పనినుండి తప్పించుకొనుచున్నాడు. ఇప్పుడు మన కళాశాలలలోను విద్యార్థులు చేతిఫోనుతో లఘుచిత్రములు తీసి పరిశోధనపత్రములకు అనుబంధములుగా సమర్పించుచున్నారు. వానికి మార్కులు వేయువారమే కాని వానిని చదువువారము కాము. కావున ఏడు నిమిషముల ఈ చిత్రమును ఒక ఖండకావ్యమును చదువునట్లు చదివి చూడవలెనని మేము సంకల్పించితిమి.

ముందుగా ఈ చిత్రమునకు మూలమైన పరీక్షను గూర్చి కొంత చెప్పక తప్పదు. 1939లో మామీ ఫిప్స్ క్లార్క్ అను యువతి హోవర్డ్ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమునకై, బడియీడుకు రాని నల్లజాతి పిల్లలలో 'నేను' అను ఎఱుక ఎట్లు కలుగునను విషయముపై సిద్ధాంతవ్యాసము వ్రాసెను. అటుపిమ్మట ఆమెయు, ఆమె భర్త కెన్నెత్ క్లార్కును కలసి ఆ విచారమును బొమ్మలతో సాగించిరి. నాలుగు బొమ్మలు, అచ్చు ఒకటే, రెండింటికి గోధుమవన్నె మేను, నల్లని జుట్టు, రెండింటికి తెల్లని మేను, పసుపుపచ్చని జుట్టు. మూడేండ్లు మొదలు ఏడేండ్లవఱకు ఈడుగల 253 మంది నల్లజాతి పిల్లలను పిలిచి ఎనిమిది కోరికలు కోరిరి. ఆడుకొనుటకు నీకు ఇష్టమైన బొమ్మ నిమ్ము; మంచి బొమ్మ నిమ్ము; చెడ్డదిగా కనబడు బొమ్మ నిమ్ము; ఇట్లు సాగి, తుదకు, నీవలె ఉన్న బొమ్మ నిమ్ము. ఆడుకొనుటకు తెల్లబొమ్మను కోరినవారు నూటికి 67 మంది. గోధుమబొమ్మ చెడ్డదని చూపినవారు 59 మంది. ఈ ఫలితములు 1947లో అచ్చుపడినవి.

పిమ్మటి కథ ప్రసిద్ధము. తెల్లవారికి నల్లవారికి వేర్వేఱు బడులు నడపుట రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1954 మే 17వ తేదీన ఏకగ్రీవముగా తీర్పు చెప్పినపుడు, ఆ తీర్పు 11వ అధోజ్ఞాపికయందు మొదట పేర్కొనబడినది కెన్నెత్ క్లార్కు రచనయే. అధోజ్ఞాపికలను చదువక దాటిపోవు పరిశోధకవిద్యార్థులు ఈ యొక్కదాని నైనను తలచుకొనవలెను. అయితే మూలపట్టికలలో అంతగా ప్రచారమునకు రాని యంశ మొకటి కలదు. 253 మందిలో 134 మంది దక్షిణమున అర్కన్సాస్ రాష్ట్రమునందలి వేర్పాటు బడుల పిల్లలు. తక్కిన 119 మంది మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందు తెల్లపిల్లలతో కలసి చదువుకొనువారు. గోధుమబొమ్మ చెడ్డదనినవారు దక్షిణమున నూటికి 49 మంది కాగా, ఉత్తరమున 71 మంది. బడులలోని వేర్పాటే ఈ భావమునకు కారణమని తీర్మానించువారికి ఈ అంకెలు సులభముగ లొంగవు. అంకెలు ఒక వాదమునకు పనిముట్టుగా మాఱినపుడు వాని కంఠమెట్లు మాఱునో తెలియుటకు ఇది చాలిన నిదర్శనము. డేవిస్ చిత్రమునకును ఇదే గతి పట్టినది.

మఱియొక సంగతి మాకు ఇంతకంటె ముఖ్యముగా తోచుచున్నది. మామీ క్లార్క్ పుట్టినది అర్కన్సాస్‌లోని హాట్ స్ప్రింగ్స్ పట్టణమున. దక్షిణమున పరీక్షలు జరిగిన మూడు పట్టణములలో హాట్ స్ప్రింగ్స్ ఒకటి. తక్కినవి పైన్ బ్లఫ్, లిటిల్ రాక్. అనగా పట్టికలోని యంకెల వెనుక ఆమె పుట్టినయూరి పిల్లలు నున్నారు. కొన్నియేండ్లు ఆలస్యముగా పుట్టియుండినచో ఆమె గూడ ఆ బల్లముందు కూర్చుండి బొమ్మను చూపవలసిన పిల్లయే. కాని శాస్త్రవ్యాసమున 'నావంటి పిల్ల' అనుటకు తావు లేదు; అచట ఉండునది 'ప్రయోజ్యుడు' మాత్రమే. డేవిస్ తన చిత్రమునకు పెట్టిన పేరు, క్లార్కుల వ్యాసము చెప్పలేక మ్రింగిన మాట యని మేము తలంచుచున్నాము.

ఇక చిత్రము. మొదట కనబడువారు పదియేడు పదునెనిమిదేండ్ల ప్రాయముగల నల్లజాతి ఆడపిల్లలు. ఒక్కొక్కతెయు కెమెరా కెదురుగ కూర్చుండి మాటలాడును. తమను గూర్చి లోకము ముందే యేర్పఱచుకొనిన చిత్తరువులను గూర్చి చెప్పుదురు. తెలుపు హెచ్చిన కొలది అందము హెచ్చునను తలంపు తమ యిండ్లలోనికి వచ్చి చేరిన విధమును చెప్పుదురు. జుట్టును మందులతో సాపు చేసికొనుట, చేసికొనక సహజముగా వదలినపుడు సొంతవారినుండియే మాట పడుట, చర్మమును తెల్లబఱచుకొను లేపనములు, ఇవన్నియు సంభాషణమున దొరలును. వీరి కంఠములలో ఏడుపు లేదు. నవ్వుచు చెప్పుదురు, ఒకప్పుడు కండ్లు దించుకొందురు. తమకు జరిగినదానిని తమకంటె దూరముగా నిలిపి చూడగల యీడునకు వారు వచ్చినారు.

ఆ తరువాత పరీక్ష వచ్చును. హార్లెమ్ ప్రాంతమున పసిపిల్లల సంరక్షణశాల. బల్లపై రెండు బొమ్మలు. రంగు తప్ప మఱి భేదము లేదు. ప్రశ్నలడుగు కంఠము డేవిస్‌ది. మంచి బొమ్మ యేది యనగా ఒక పిల్ల తెల్లదానిని చూపును. ఏల యనగా తెల్లగా నున్నందున నని చెప్పును. చెడ్డగా కనబడునది యేది యనగా నల్లదానిని చూపును. ఏల యనగా నల్లగా నున్నందున నని చెప్పును. ఇంతవఱకు చేయి త్వరగనే కదలినది. అపుడు, నీవలె ఉన్న బొమ్మను నాకిమ్మని యడుగుదురు. చేయి బొమ్మలవైపు సాగును, తడబడును, ఒక్కక్షణము ఆగును, పిమ్మట నల్లబొమ్మను మెల్లగ ముందుకు త్రోయును.

ఈ చిత్రమంతయు ఆ జాగులో నున్నదని మా తాత్పర్యము. పట్టికయందు ఆ పిల్ల జవాబు ఒక గీత. 'నల్లబొమ్మతో తన్ను పోల్చుకొనినది' యని ఆ గీత కర్థము. శాస్త్రదృష్టితో ఆ జవాబు సరియైనది గూడ. క్లార్కుల పిల్లలలో ఇట్లు సరిగా పోల్చుకొనినవారు నూటికి 66 మంది. కాని చేయి ఆగిన క్షణమును ఏ గీతయు పట్టుకొనలేదు. దృశ్యము మాత్రమే దానిని పట్టుకొనగలదు. 1940 ప్రాంతమున క్లార్కులు ఇట్టి జాగులను కన్నులార చూచియేయుందురు. పరీక్షనడుమ పిల్లలు ఓదార్పునకు లొంగక ఏడ్చుచు గదినుండి పరుగెత్తిన సంగతి వారి నివేదికలోనే యున్నది. అది అచట ఒక వాక్యము. ఇచట ఒక దృశ్యము. వీడియో యను సాధనము ఈ విషయమునకు ఏమి చేకూర్చినది యను ప్రశ్నకు మేము చెప్పగల జవాబు ఇదియే.

ఆ జాగునకు అంత బలము ఎందునుండి వచ్చినది? అలంకారశాస్త్రము చదివినవారికి దీనిని వివరించుట కష్టము కాదు. ఉపమకు అంగములు నాలుగు: ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము. ఉపమానము ఉపమేయముకంటె గుణాధికమై యుండుట సంప్రదాయము. అందుచేతనే ముఖమునకు చంద్రుడు కావలసివచ్చెను. ఉపమానము హీనమైనచో దోషము. వామనుడు ఉపమాదోషములను లెక్కించుచు హీనత్వమునే మొదట చెప్పినాడు. హీనోపమను ఒకడు వేఱొకని నిందించుటకు వాడునపుడు అది తిట్టు. ఇచట జరిగినదేమి? ప్రశ్నల వరుసను గమనింపుడు. మొదట పిల్లచేత నల్లబొమ్మను చెడ్డదనిపించిరి. ఏల చెడ్డదో చెప్పుమని సాధారణధర్మమునుగూడ ఆ నోటనే పలికించిరి, అది నలుపు. ఉపమానమును, ధర్మమును సిద్ధమైన పిమ్మట, 'నీవలె' అను ఉపమావాచకమును అడుగువారు అందించిరి. మిగిలినది ఉపమేయము. అది తానే. తాను కూర్చిన హీనోపమలోనికి తానే నడచిపోవలసివచ్చిన యా పిల్ల గుమ్మమున నొక్కక్షణము నిలిచినది.

ఇది యంతయు ఇంగ్లీషుభాషయందు మఱింత బిగువుగా నున్నది. 'లైక్' అను ఒక్క మాటకు ఆ భాషలో ఇష్టపడుట యనియు, పోలియుండుట యనియు రెండర్థములు. నీకిష్టమైన బొమ్మ నిమ్మనునపుడు ఆ మాటయే. నీవలె ఉన్న బొమ్మ నిమ్మనునపుడు ఆ మాటయే. చిత్రము పేరునందును ఆ మాటయే. ఇష్టమునకు, సాదృశ్యమునకు నడుమ పిల్ల నలిగిపోవుచుండగా భాష మాత్రము రెండింటిని ఒకే ధ్వనితో పలుకుచున్నది. తెలుగున 'ఇష్టము' వేఱు, 'వంటి' వేఱు. కావున మేము పైన చేసిన 'నావంటి పిల్ల' యను అనువాదము అర్థమును చెప్పునే కాని ఆ యురిని పట్టి చూపలేదు. డేవిస్ ఈ శ్లేషను ఉద్దేశించెనా యనిన, ఆమె ఉద్దేశముతో మాకు పని లేదు. కృతియందు అది యున్నది.

ఇక కూర్పును గూర్చి. కాలక్రమము ననుసరించినచో పసిపిల్లలు ముందు, పెద్దపిల్లలు తరువాత రావలెను: విత్తు, ఆ మీద చెట్టు. డేవిస్ దీనిని తలక్రిందులు చేసినది. పెద్దపిల్లల మాటలను మనము వినునపుడు అవి కొంత తెలిసిన మాటలుగా, తీఱుబడి కబుర్లుగా తోచును. జుట్టు, రంగు, అమ్మ అన్న మాట. బొమ్మల పరీక్ష వచ్చిన తరువాత ఆ మాటలన్నియు వెనుకకు తిరిగి వేఱుగా వినబడును. ఆ నవ్వుచున్న పిల్ల చేయి కూడ ఒకనాడు ఇట్లే ఆగియుండును గదా యని తోచును. టెలివిజన్‌వారును, ఉపన్యాసకులును ఈ చిత్రమునుండి పరీక్షాభాగమును మాత్రము కత్తిరించి చూపుట పరిపాటియైనది. ఇది ఒక నాటకమునుండి ఏడుపు ఘట్టము నొక్కదానిని ఆడించుట వంటిది. పెద్దపిల్లల మాటలు లేక పరీక్ష చూచినవానికి మిగులునది జాలి. ఆ మాటలతో కలిపి చూచినవానికి, జాలిపడువారును జాలికి పాత్రులును వేఱు కారని తెలియును. ఏలయన ప్రశ్న నడుగుచున్నది పదునేడేండ్ల నల్లపిల్ల, జవాబు చెప్పుచున్నది నాలుగైదేండ్ల నల్లపిల్ల.

గుణములను చెప్పినపుడు లోపములనుగూడ చెప్పవలెను. చిత్రము చివర ఆ బాలికలు తమ పూర్వులు ఆఫ్రికాఖండమున ఏ ప్రాంతమువారో తమకు తెలియదని చెప్పుకొందురు. ఇది అతిగంభీరమైన విషయము. బానిసవర్తకము మనుషులనుండి ఊరిపేరును, భాషను, వంశమును తుడిచివేసిన చరిత్ర దాని వెనుక నున్నది. ఇంత పెద్ద బరువును కొలదిక్షణములలో దింపి వెడలిపోవుట చిత్రమునకు తగలేదు. పరీక్షకు సమాధానముగా దానిని నిలుపవలెనను తొందర కనబడుచున్నది. బొమ్మను త్రోసిన చేతికి వంశవృక్షము సమాధాన మగునా? కావచ్చును; కాని ఆ వంతెనను కట్టు పనిని చిత్రము ప్రేక్షకునికి వదలివేసినది. పెద్దపిల్లల మాటలకు పసిపిల్లల జవాబులకు నడుమ కార్యకారణసంబంధమును గూడ ప్రక్కప్రక్కన నుంచుటచేతనే సూచించెను గాని చూపలేదు. కృతికి ఆ స్వాతంత్ర్యము కలదు; నివేదికకు లేదు. ఈ చిత్రమును నివేదికగా వాడుకొనువారు ఈ సంగతిని మఱచుచున్నారు. 1940 మొదలు 2005వఱకు ఏమియు మాఱలేదని 21 మంది పిల్లలనుబట్టి నిర్ణయించుట ఏ శాస్త్రమునకు సమ్మతము? ఇట్టి ప్రశ్నకు విస్తృతమైన పరిశీలనము కావలెను. 2010లో సి.ఎన్.ఎన్. సంస్థ మార్గరెట్ బీల్ స్పెన్సర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలి నేతృత్వమున, బొమ్మలకు మాఱుగా పలుఛాయలలో గీచిన పిల్లల చిత్రములతో, నల్లపిల్లలను తెల్లపిల్లలను గూడ పరీక్షింపజేసెను. ఆ పని వేఱు, డేవిస్ పని వేఱు.

పసిపిల్లచేత ఇట్టి జవాబు చెప్పించుట ధర్మమా యను ఆక్షేపము కలదు. ఇది త్రోసివేయదగినది కాదు. క్లార్కుల పిల్లలకు ముఖములు లేవు. పట్టికయే వారికి ముసుగు. డేవిస్ చిత్రములోని పిల్లల ముఖములు అంతర్జాలమున లెక్కలేనన్ని మార్లు తిరిగినవి, ఇప్పటికిని తిరుగుచున్నవి. ఏ జాగునందు ఈ చిత్రముయొక్క బలమంతయు నున్నదని మేము పైన చెప్పితిమో, ఆ జాగు ఒక బిడ్డది. దానిని ఇచ్చునపుడు తానేమి యిచ్చుచున్నదో ఆ బిడ్డ యెఱుగదు. ఈ చిక్కునకు మావద్ద పూర్ణసమాధానము లేదు. మన విద్యార్థులు ఎవరైనను ఇట్టి పరీక్షను మన బడులలో చేసి వీడియో తీయుదుమని వచ్చినచో మేము ఒప్పుకొనము. ఒకమారు జరిగినది, దానిని చూడవచ్చును, మరల మరల చేయనక్కఱలేదు.

ఇదే కాలమున వచ్చిన మఱియొక చిన్న వీడియోను పోల్చి చూచినచో త్రోవల భేదము తెలియును. కారెన్ లమ్ అను యువతి తీసిన 'స్లిప్ ఆఫ్ ది టంగ్' అను చిత్రము ఆడ్రియెల్ లూయిస్ అను కవి పద్యమునకు దృశ్యరూపము. ఒక యువకుడు అపరిచితయైన యువతిని పలుకరించి ఆమె జాతికూర్పు ఏమని యడుగును. ఇంగ్లీషున కూర్పునకును ముఖాలంకరణమునకును 'మేకప్' అని ఒకే పేరు. ఆమె రెండవ యర్థమును పట్టుకొని, జాతిని గూర్చియు అందమును గూర్చియు అతనికి పాఠము చెప్పును. ఇది శ్లేషను ప్రకటముగా నడపిన రచన; చమత్కారము కలది. కాని జవాబు చెప్పువారికి అచట తడబాటు లేదు. మాట ముందే సిద్ధముగా నున్నది. కనుక వినువాడు మెచ్చుకొని వెడలిపోవును. డేవిస్ చిత్రమునుండి అంత సులభముగ వెడలిపోలేము.

ఇంకొకటి గలదు, దానిని కృతి యనలేము. 2020 మే 25వ తేదీన మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడపై పోలీసు అధికారి మోకాలుంచి చంపుచుండగా, డార్నెల్లా ఫ్రేజియర్ అను పదునేడేండ్ల బాలిక తన ఫోనుతో ఆ దృశ్యమును పట్టెను. పోలీసుల తొలిప్రకటన దానిని వైద్యసంబంధమైన ఘటనగా చెప్పినది; ఆ బాలిక వీడియో దానిని కొట్టివేసినది. 2021లో ఆ అధికారి హంతకుడని న్యాయస్థానము తేల్చెను. ఆ సంవత్సరమే పులిట్జర్ సంఘము ఆమెకు ప్రత్యేకగౌరవ మొసగెను. అది సాక్ష్యము. చేయి వణకక నిలుపుట తప్ప అందు కూర్పునకు తావు లేదు, ఉండరాదు. ఈ రెండింటిని 'యువజనుల వీడియోలు' అను ఒక్క శీర్షిక క్రింద చేర్చి మాటలాడుట ఈనాడు అలవాటైనది. శాసనమును కావ్యమును ఒకే తక్కెడలో తూచిన విమర్శకుని మనమేమందుము?

తెలుగువారమైన మనము ఈ చిత్రమును గూర్చి మాటలాడునపుడు మనకు గల చిక్కు మాటలతోనే మొదలగును. 'జాతి' యనిన మనకు కులము, దేశజనులు, వస్తుభేదము, అన్నియు స్ఫురించును. 'వర్ణము' అనిన రంగు, చాతుర్వర్ణ్యము, అక్షరము. దక్షిణాఫ్రికాలోని అపార్థీడ్‌ను మన పత్రికలు 'వర్ణవివక్ష' యని తెనిగించినవి. ఆ మాటయే నిలిచినది. అందుచేత మన విద్యార్థులు అమెరికాలోని జాతిసమస్యను కేవలము మేనిచాయ సమస్యగా నెంచి, వెంటనే 'ఇది మనలోను కలదు, పెండ్లిచూపులలో చూడుడు' అని వ్యాసము నింపుదురు. కలదు, నిజమే. నల్లనయ్యయని, నీలమేఘశ్యాముడని దేవుని కొలుచుచు, కోడలు మాత్రము తెల్లగా నుండవలెనను ఇండ్లు మనకు క్రొత్త కావు. కాని రెండును ఒకటి కావు. అమెరికాలో నలుపు వంశమునకు గుర్తు. మేను తెల్లబడినను ఆ గుర్తు పోదు. మన పెండ్లిచూపులలోని చాయ ఒకే యింటి అక్కచెల్లెండ్ర నడుమ పెట్టు తారతమ్యము.

నీనా దావులూరి విషయమున ఈ భేదము తేటపడినది. తెలుగు తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన ఈమె 2013 సెప్టెంబరున 'మిస్ అమెరికా 2014' కిరీటమును పొందినపుడు, అచట కొందఱు ఆమెను పరదేశీయురాలని దూషించిరి. ఇంత చామనచాయగల పిల్లకు ఇండియాలో ఇట్టి కిరీటము దక్కునా యని ఇచట చర్చ జరిగినది. ఒకే మనిషికి ఒక తీరమున జాతి అడ్డు, వేఱొక తీరమున చాయ అడ్డు. డేవిస్ చిత్రమున ఈ రెండు పొరలును ఉన్నవి: తెల్లవారికి నల్లవారికి నడుమ ఉన్నది యొకటి, నల్లవారిలోనే లేతచాయకు ముదురుచాయకు నడుమ ఉన్నది మఱియొకటి. మొదటిదానిని వదలి రెండవదానిని మాత్రము తమదిగా గుర్తించుకొను మన విద్యార్థులు చిత్రమున సగమునే చూచుచున్నారు.

చివరగా, ఈ చిత్రమును గూర్చి వ్రాసినవారు పట్టించుకొనని వారిని గూర్చి ఒక మాట. 21 మందిలో 15 మంది పోగా మిగిలినవారు ఆఱుగురు. ఏ వీథిలో, ఏ యింట, ఎవరి ఒడిలో పెరిగిన పిల్లలో, ఆ ఆఱుగురు తెల్లబొమ్మవైపు పోలేదు. చిత్రము వారిని మనకు చూపి, ఏల యని అడుగలేదు. ఏడు నిమిషములలో వారికి చోటు దొరకలేదేమో. లేదా పదునేనుగురి బరువు క్రింద వారు కనబడలేదేమో. విరిగినచోటును చూపుటకు తొందరపడిన చిత్రము, విరుగని చోటు ఎట్లు విరుగకుండెనో చూపు నవకాశమును చేజార్చుకొనినది. పిహెచ్.డి.కి విషయము వెదకుచు మావద్దకు వచ్చు విద్యార్థులు పదునేనుగురిని గూర్చి ఇదివఱకే చాల వ్రాయబడినదని గ్రహింతురు గాక. ఆ ఆఱుగురి చేయి ఆగినదా, ఆగక కదలినదా అనునది ఇంకను ఎవరును వ్రాయలేదు.